లిఫ్టమ్మాయి బాగుచేసిన గొంతు

మా మేడమీద వాటాలో ఉండే మనిషికి నలభై దాటాయి. అయినా వీధంతా ఆమెను లిఫ్టమ్మాయి అనే అంటుంది. ఆ పేరు పెట్టింది నేనే కాబట్టి తప్పయినా ఒప్పయినా నాదే. అద్దెకు దిగిన రోజునే ఏం పని చేస్తావమ్మా అని అడిగాను.

"లిఫ్టులకి ప్రోగ్రాములు రాస్తాను పిన్నిగారూ" అంది.

లిఫ్టుకు రాసేదేముంటుంది, నొక్కితే పైకి పోతుంది, నొక్కితే కిందికి వస్తుంది అనుకున్నాను. అది కాదట. ఎవరు ఏ అంతస్తులో నొక్కారో గుర్తుపెట్టుకోవాలి, ఎవరిని ముందు ఎక్కించుకోవాలో తేల్చుకోవాలి, తలుపు సందులో చెయ్యి ఉంటే ఆగాలి. ఇదంతా లిఫ్టు పైన గదిలో ఉండే ఒక చిన్న పెట్టెకు నేర్పాలి. ఆ నేర్పడమే ఆమె ఉద్యోగం. ఒకసారి నాతో బట్టల దుకాణానికి వచ్చి, లిఫ్టు ఎదురుగా ఉండగా మెట్లెక్కింది.

"అదేమిటే, నీ లిఫ్టు నువ్వే ఎక్కవా?" అన్నాను.

"అందులో ఏం రాసి ఉంటారో తెలిసినవాళ్లు ఎక్కరు పిన్నిగారూ" అంది, నవ్వకుండా.

ఆమె హాస్యం అంతా అలాగే ఉంటుంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పి కూర్చున్నాక గాని మనకు నవ్వు రాదు.

మాటలు మాత్రం బాగా తక్కువ. అడిగినదానికి జవాబు చెబుతుంది, తిరిగి ఒక్క ప్రశ్న వెయ్యదు. గోడకేసి బంతి కొట్టినా వెనక్కి వస్తుంది, ఈమెకేసి మాట విసిరితే అక్కడే ఉండిపోతుంది. పొద్దున్న వెళ్లడం, సాయంత్రం రావడం, తలుపు వేసుకోవడం. తనవాళ్లంటూ వచ్చేపోయేవాళ్లు కనబడలేదు. నేను వదిలే రకాన్ని కాను కాబట్టి, ఆరేసిన బట్టలు తీయడానికనో కరివేపాకు కోసమనో రోజూ మేడెక్కేదాన్ని. మోకాళ్లు అరిగాయి గాని సమాచారం పెరగలేదు.

ఇక కింద, వెనక వాటా సంగతి. అక్కడ రిటైరైన బస్సు కండక్టరు, ఆయన భార్య ఉంటారు. నేను ఆయన్ని అన్నయ్యా అంటాను, ఆవిడను వదినా అంటాను. రక్తసంబంధం ఏమీ లేదు, ఇన్నేళ్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉంటే ఆ మాత్రం చుట్టరికం దానంతట అదే పుడుతుంది. ఆ రోజుల్లో అన్నయ్య గొంతంటే గొంతే. "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అన్నాడంటే బస్సులో ఉన్నవాళ్లే కాదు, స్టాపులో నిలబడ్డవాళ్లు కూడా ఓ అడుగు ముందుకు వేసేవారు. ఆ గొంతులోనే పుండు లేచింది. కోసి తీసేస్తే గాని మనిషి దక్కడన్నారు డాక్టర్లు. మనిషి దక్కాడు, గొంతు పోయింది. మెడ ముందు ఊపిరి కోసం చేసిన రంధ్రం, దాని మీద శుభ్రమైన తెల్లగుడ్డ. వదినకేమో అంతకుముందు నుంచే షుగరు వల్ల చూపు తగ్గుతూ వచ్చి, వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియని స్థితికి వచ్చింది. ఆయన మాట్లాడలేడు. రాసి చూపిద్దామంటే ఆవిడ చూడలేదు. ఇక ఆ కాపురం ఎలా నడవాలి?

నడిపింది ఒక పెట్టె. సబ్బుపెట్టెంత ఉంటుంది, తాడుతో మెడలో వేసుకోవచ్చు. పైన ఉబ్బెత్తు బటన్లు. ఆపరేషనుకు ముందే అన్నయ్య తన సొంత గొంతుతో అందులో మాటలు పెట్టుకున్నాడు, ఒక్కో బటనుకు ఒక్కో మాట. అవి పెట్టేటప్పుడు నేనూ పక్కన ఉన్నాను. ఆకలేస్తోంది, తలుపెవరో కొట్టారు, మందు వేసుకున్నావా, ఇలాంటివన్నీ అయ్యాక వదిన అంది:

"నన్ను తిట్టేది కూడా ఒకటి పెట్టండి. లేకపోతే మీరేనని నాకు నమ్మకం కుదరదు."

అన్నయ్య నవ్వి, "చెప్తే వినవు కదా" అని పెట్టాడు. అన్నిటికన్నా ఎక్కువ అరిగిన బటను మాత్రం "ఇక్కడే ఉన్నాను" అనేది. ఆయన ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళితే అది నొక్కేవాడు. ఆవిడ ఆ వైపు తల తిప్పి, మళ్లీ తన పనిలో పడేది.

లిఫ్టమ్మాయి అద్దెకు దిగిన కొన్నాళ్లకు ఆ పెట్టె మూగబోయింది. బ్యాటరీ ఉబ్బితే అన్నయ్య ఎక్కడో మార్పించాడు, ఇంటికి తెచ్చి నొక్కితే ఎర్ర దీపం వెలిగింది, మాట రాలేదు. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఫోనులో రాస్తే పైకి చదివిపెట్టే ఏర్పాటు ఉందని ఎవరో చెబితే అదీ చేశాం. ఫోను గుక్క తిప్పుకోకుండా చదివింది. వదిన మొహం చిట్లించి, "ఎవరీయన? మా ఇంట్లో ఈయనకేం పని?" అంది. అన్నయ్య ఫోను బల్ల మీద బోర్లించేశాడు. ఆ రోజు నుంచి స్టీలు గ్లాసు, చెంచా. ఎక్కడికి వెళ్లినా టకటక కొట్టుకుంటూ తిరిగేవాడు. వదిన ఏమీ అనేది కాదు గాని, ఆవిడ తల తిప్పడం మానేసింది. చెంచా చప్పుడుకు ఎవరు తల తిప్పుతారు?

ఒక ఆదివారం పొద్దున్న లిఫ్టమ్మాయి తనంతట తాను మెట్లు దిగి వెనక వాటా గుమ్మంలో నిలబడింది. ఈ ఇంట్లో చేరాక ఇదే మొదలు. నేను అక్కడే ఉన్నాను. నేను లేనిదెప్పుడు?

"మామయ్యగారూ, ఆ పెట్టె నాకిస్తారా? చేస్తానని మాట ఇవ్వను. చూస్తాను" అంది.

అన్నయ్య మెడలోంచి తాడు తీసి, పసిబిడ్డను అందించినట్టు రెండు చేతులతో ఇచ్చాడు.

ఇక నాకు మేడెక్కడానికి కరివేపాకు సాకు అక్కర్లేకపోయింది. చెక్కబల్ల మీద పెట్టె విప్పి ఉంది. లోపల పచ్చటి పలక, దాని మీద నల్లటి గింజల్లాంటి చిప్పులు. ఒక చిప్పు చూపించి మాటలన్నీ ఇందులో ఉన్నాయంది. ఇంకోటి చూపించి, ఇది ప్రాసెసరు, అంటే పెట్టెకు బుర్ర అంది. బటను నొక్కితే ఫలానా మాట వినిపించు అని దానికి చెప్పే ప్రోగ్రాము చెరిగిపోయింది, అది మళ్లీ రాసి పెట్టాలి.

"రాయి మరి. ఎంతసేపు?"

"రాయడం ఓ పూట పని పిన్నిగారూ. కానీ నా కంప్యూటరు బుర్ర వేరు, దీని బుర్ర వేరు. నా కంప్యూటరు తన భాషలోకే మారుస్తుంది, అది దీనికి అర్థం కాదు. ఇక్కడ కూర్చుని దీని భాషలోకి మార్చేది ఒకటి కావాలి. క్రాస్ కంపైలరు అంటారు. ముందు దాన్ని తయారుచేసుకోవాలి."

నేను గడప మీదే చతికిలబడి, అర్థమయ్యేదాకా అడిగాను. చివరికి నాకు తెలిసింది ఇది. మా ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆయనకు పథ్యం నేను ఇంట్లో వండి క్యారియరులో తీసుకెళ్లేదాన్ని. పొయ్యి నాది, గిన్నెలు నావి, వండే చెయ్యి నాది. ఉప్పూ కారం మాత్రం ఆయన ఒంటికి తగ్గట్టు. నా నాలుకకు అది చప్పగానే ఉంటుంది. అంతమాత్రాన కూర చెడినట్టు కాదు. ఇలా చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "అంతే పిన్నిగారూ" అంది.

కానీ పథ్యం వండేముందు డాక్టరును అడిగినట్టు, ఆ కంపైలరు తయారయ్యేముందు బోలెడు సంగతులు తేల్చి చెప్పాలట. ఏ జాతి చిప్పు, ఎంత పాతది, దశాంశాల లెక్కలు అదే చేసుకోగలదా లేక మనం చేసిపెట్టాలా, అంకెలు ఏ వరసలో దాచుకుంటుంది. చిప్పు మీద అక్షరాలు సగం చెరిగి ఉన్నాయి. టార్చిలైటు పక్కవాటుగా వేసి, భూతద్దం పెట్టి, ఉన్నవాటిని బట్టి లేనివి ఊహించింది. తెలిసినవి తెలిసినట్టు పెట్టింది, తెలియనివి తన లిఫ్టుల అలవాటు ప్రకారం పెట్టింది.

చిప్పు మరీ పాతది కావడంతో కొత్త కంపైలర్లు దాన్ని ఎప్పుడో మరిచిపోయాయి. పాతది వెతికి తెస్తే, అది ఈమె కొత్త కంప్యూటరులో ఇమడనంది. వయసైపోయిన అత్తగారు కొత్త కోడలి వంటింట్లోకి వచ్చినట్టు ప్రతిదానికీ ఒక వంక. తెర మీద అక్షరాలు చీమలబారులా పరుగెత్తడం, ఉన్నట్టుండి ఆగిపోవడం, ఈమె నిట్టూర్చి ఏదో దిద్దడం, మళ్లీ పరుగు. ఒక రోజు ఇంకో తిరకాసు చెప్పింది. కంపైలరు పూర్తి కావాలంటే ఆ చిప్పుకు సరిపడే సామాను, అంటే ప్రతి ప్రోగ్రాముకూ కావలసిన చిన్నచిన్న తయారు ముక్కలు, ముందే సిద్ధంగా ఉండాలట. ఆ సామాను తయారు కావాలంటే కంపైలరు ఉండాలట.

"పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు" అన్నాను.

"అందుకని ముందు సగం పెళ్లి చేస్తాం" అంది. సగం కంపైలరు చేసి, దానితో సామాను చేసి, ఆ సామానుతో మిగతా కంపైలరు. నేను మెట్లన్నీ దిగి మా వరండాలోకి వచ్చాక నవ్వొచ్చింది.

మొత్తానికి కంపైలరు కుదిరింది. ముందు పరీక్షగా, ఎర్ర దీపాన్ని ఆర్పి వెలిగించే చిన్న ప్రోగ్రాము చేసి పెట్టెలోకి పంపింది. దీపం మినుకుమనలేదు. ఏవేవో మార్చి చూసింది, ఊహూఁ. సరే, కనీసం మాటలు భద్రంగా ఉన్నాయో లేదో చూద్దామని ఆ చిప్పులో ఉన్నదంతా తన కంప్యూటరులోకి దించుకుని విన్నది.

ఆ సాయంత్రం ఆమె మెట్ల మీద కూర్చుని ఉంటే నేనే వెళ్లి పక్కన కూర్చున్నాను.

"గొంతు లేదు పిన్నిగారూ" అంది. "అన్నీ విన్నాను. వాన కురిసినట్టు హోరు తప్ప ఏమీ లేదు. బ్యాటరీ మార్చినప్పుడు మాటలు కూడా పోయినట్టున్నాయి."

"వాళ్లకు చెప్పావా?"

"నేను చెబుతాను. అప్పటిదాకా మీరు చెప్పకండి."

నా నోట్లో నువ్వుగింజ నానదని వీధిలో అందరికీ తెలుసు. అలాంటి దాన్ని ఆ మాట కడుపులో పెట్టుకుని వెనక వాటాకు వెళ్లాను. వదిన గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఏం వదినా, మేడమీద ఎంతవరకు వచ్చింది?" అని అడిగింది.

"వండుతోంది వదినా, వండుతోంది" అన్నాను. ఆవిడకు కళ్లు లేకపోవడం అంతవరకూ నాకు బాధగా ఉండేది. ఆ క్షణాన నా మొహం చూడలేదు కదా అని ఊపిరి పీల్చుకున్నాను, అలా పీల్చుకున్నందుకు మళ్లీ బాధపడ్డాను.

తర్వాతి ఆదివారం లిఫ్టమ్మాయి దిగి వచ్చింది. పెట్టె తేలేదు. చెప్పడానికే వచ్చిందని నాకు తెలిసిపోయింది. అన్నయ్య ఆమె ఖాళీ చేతుల వైపు చూసి, చూపు పక్కకు తిప్పుకున్నాడు. వదిన మాత్రం, "రా అమ్మా, కూర్చో, టీ పెడతాను" అని లేవబోయింది.

"మీరు కూర్చోండి అత్తయ్యగారూ. నేను పెడతాను" అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. చేదు మాట చెప్పేముందు కాస్త వ్యవధి కావాలి మనిషికి. నేనయినా అదే చేసేదాన్ని.

టీ తెచ్చింది. వదినకు పంచదార లేకుండా, మాకు పంచదారతో. అన్నయ్య ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు. చెంచా తీసుకుని దాని మీద గట్టిగా టకటకలాడించాడు. నేనూ ఒక గుక్క తాగాను.

"అమ్మాయీ, ఇందులో ఏం వేశావు?"

"పంచదార. ఏం?"

"ఇది పంచదారయితే సముద్రమంతా పానకమే" అన్నాను.

వదిన నవ్వడం మొదలుపెట్టింది. పెట్టె పోయాక ఆవిడ నవ్వగా వినడం అదే మొదటిసారి. "ఏ చివరి డబ్బాలోంచి తీశావమ్మా?"

"ఎడమ చివరిది. మొదటిది పంచదారే కదా, మా ఇంట్లోలాగా..."

"మొదటిది అటు కాదు తల్లీ, ఇటు. నేను వంటింట్లోకి వస్తే ముందు నా చేతికి తగిలేది కుడివైపు. పంచదార అక్కడి నుంచి మొదలు. నువ్వు తీసింది ఆఖరిది, ఉప్పు."

"మరి టీ పొడి సరిగ్గానే పడింది" అంది లిఫ్టమ్మాయి, తనలో తాను అనుకుంటున్నట్టు.

"అది మధ్యలో డబ్బా. ఎటు నుంచి వచ్చినా మధ్యలోదే."

లిఫ్టమ్మాయి కదలకుండా నిలబడిపోయింది. చేతిలో పళ్లెం అలాగే ఉంది. ఎవరైనా ఏమైనా అన్నారేమోనని నేను కంగారుపడ్డాను. అంతలో ఆమె పళ్లెం నా ఒళ్లో పెట్టేసి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కింది.

"ఏమైంది ఆ పిల్లకి?" అంది వదిన.

"కనుక్కొస్తాను" అని నేను వెనకాలే వెళ్లాను. ఆ మాట అనక్కర్లేదు, వాళ్లకు తెలుసు.

నేను రొప్పుతూ మేడెక్కేసరికి ఆమె కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. నాకు అర్థమయ్యేలా చెప్పింది. పెద్ద అంకెను దాచడానికి చిప్పుకు పక్కపక్కనే రెండు గదులు కావాలి. ఒకదాంట్లో పెద్ద ముక్క, ఇంకోదాంట్లో చిన్న ముక్క. ఏది ముందు గదిలో పెట్టాలన్నది ఒక్కో బుర్రకు ఒక్కో అలవాటు. ఆమె కంప్యూటరుకు చిన్న ముక్క ముందు, ఆమె లిఫ్టులన్నిటికీ చిన్న ముక్క ముందు. ఈ పెట్టెకు పెద్ద ముక్క ముందు. అటు నుంచి తియ్యాల్సిన డబ్బాలు ఇటు నుంచి తీస్తూ వచ్చింది. అందుకే దీపం మినుకుమనలేదు. అందుకే గొంతు హోరుగా వినిపించింది.

"గొంతు పోలేదు పిన్నిగారూ. నేనే నా నాలుకతో రుచి చూశాను."

కంపైలరుకు చెప్పే సంగతుల్లో ఒక్క మాట మార్చింది. మళ్లీ మొదటి నుంచి తయారు కావాలి. చీమలబారు బయలుదేరింది. చెయ్యడానికేమీ లేదు, కూర్చోవాలి. నేను మంచం అంచున కూర్చున్నాను.

"మోకాళ్లు బాగా నొప్పిగా ఉన్నాయా పిన్నిగారూ?" అంది.

నేను ఉలిక్కిపడ్డాను. ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. నొప్పి సంగతి వివరంగా చెప్పాను, అది సహజం. చెప్పడం అయ్యాక నేనూ అడిగాను:

"ఎవరూ చెప్పకుండానే ఇంత కష్టం ఎందుకు నెత్తిన వేసుకున్నావే?"

ఆమె తెర వైపే చూస్తూ అంది: "నా మంచం సరిగ్గా వాళ్ల గది మీద ఉంటుంది. పొద్దున్నే మామయ్యగారి పెట్టె వినపడేది. ఇక్కడే ఉన్నాను, ఇక్కడే ఉన్నాను అని. అత్తయ్యగారికి చెప్పేదే అనుకోండి. అయినా నాకు కూడా చెప్పినట్టు ఉండేది. అది ఆగిపోయాక ఈ ఇల్లు..." అని ఊరుకుంది.

నేనూ ఊరుకున్నాను. నా జన్మలో అలా ఊరుకున్నది అరుదు.

పని పూర్తయ్యాక దీపం ప్రోగ్రాము పంపింది. ఎర్ర దీపం ఆరింది, వెలిగింది, మళ్లీ ఆరింది. తర్వాత మాటల ప్రోగ్రాము కూడా దించి, పెట్టె మూసి మరలు బిగించింది. నేను ఆగలేక బటను మీదికి చెయ్యి చాపాను. పెట్టెను తన వెనక్కి తిప్పేసుకుంది.

"ముందు వినాల్సింది మనం కాదు పిన్నిగారూ."

"గొంతు దొరికింది కదా, హాయిగా ఆ మాటలన్నీ ఫోనులో వేసి ఇచ్చేస్తే పోలా?" అన్నాను మెట్లు దిగుతూ.

"ఫోను నున్నగా ఉంటుంది. మామయ్యగారి వేలికి ఇవి అలవాటు. అత్తయ్యగారూ తడిమి గుర్తుపడతారు" అంది.

కింద వదిన ఆరిన బట్టలు మడత పెడుతోంది. అన్నయ్య కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు, చెంచా జేబులో ఉంది. లిఫ్టమ్మాయి ఏమీ చెప్పకుండా తాడు ఆయన మెడలో వేసింది. ఆయన పెట్టెను అరచేతిలో పట్టుకుని ఆమెను చూశాడు. ఆమె తల ఊపింది. ఆయన బొటనవేలు వెతుక్కోలేదు, అరిగిన బటను మీదికి దానంతట అదే పోయింది.

"ఇక్కడే ఉన్నాను."

కాస్త గరగర ఉంది, అంతే. బస్సంతా జరిపిన గొంతు. వదిన చేతిలో చీర మడత సగంలో ఆగింది. తల కిటికీ వైపు తిరిగింది. తర్వాత తగువుకు దిగినట్టే అంది:

"ఇన్నాళ్లూ ఎక్కడికి పోయారు మరి?"

అన్నయ్య కళ్లు తుడుచుకుని ఇంకో బటను నొక్కాడు.

"చెప్తే వినవు కదా."

వదిన చీరలో మొహం దాచుకుని నవ్విందో ఏడ్చిందో నాకు తెలియదు, నేను చూసే స్థితిలో లేను. లిఫ్టమ్మాయి వంటింట్లోకి వెళ్లి, కుడివైపు నుంచి మొదటి డబ్బా తీసి, మూత తెరిచి వేలితో రుచి చూసి, మళ్లీ టీ పెట్టింది.

ఆ పెట్టెలో ఒక బటను ఖాళీగా ఉండిపోయింది. అన్నయ్య ఇక మాట పెట్టలేడు కదా. ఆ ఖాళీలో వదిన గొంతు పెట్టించారు. అన్నయ్య సాయంత్రం మెట్ల కింద నిలబడి నొక్కుతాడు. "అమ్మాయీ, కిందికి రా, టీ అయింది. పంచదారే వేశాను" అంటుంది పెట్టె. మేడమీద తలుపు తెరుచుకుంటుంది. ఇప్పుడు ఒకటి అడిగితే లిఫ్టమ్మాయి రెండు జవాబులు చెబుతోంది, మధ్యమధ్య ప్రశ్నలు కూడా వేస్తోంది.

మొన్న టీ తాగుతూ నేను కాస్త నిష్ఠూరంగానే అడిగాను. "ఈ ఇంటికి నేను ఎంత చేశాను, ఈ పిల్ల గుట్టు కూడా దాచాను. నన్ను పిలవడానికి ఒక బటను పెట్టలేదేం?"

అన్నయ్య బటన్లు తడిమి తగిన మాట దొరక్క చేతులు తిప్పాడు. లిఫ్టమ్మాయి గ్లాసు కింద పెట్టి అంది:

"మిమ్మల్ని పిలవడానికి బటను ఎందుకు పిన్నిగారూ, నొక్కేలోపే వచ్చేస్తారుగా."

అని, ఈసారి మాకంటే ముందు తనే నవ్వింది.